పిల్లల పళ్ళకి పూర్తి మత్తులో వైద్యం: నా అనుభవం

పూర్తి మత్తులో, అంటే జనరల్ అనస్థీషియాలో, పళ్ళ వైద్యం చెయ్యాల్సి వచ్చే పిల్లలు ఎక్కువగా రెండున్నర నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళు. నోరు తెరిపించి చూస్తే తీరు దాదాపు ఒకటే. పైన ముందు పళ్ళు నాలుగూ చిగుళ్ళ దాకా కరిగిపోయి గోధుమరంగు మొదళ్ళు మిగిలి ఉంటాయి. కింద ముందు పళ్ళు మాత్రం తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంటాయి. దవడ పళ్ళలో గుంటలు, ఒకటి రెండు చోట్ల చిగురు మీద చీముపొక్కు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకీ, ఏడాది దాటి పళ్ళొచ్చాక కూడా రాత్రంతా పాలు తాగుతూ పడుకునే పిల్లలకీ పాలు పై పళ్ళ చుట్టూ నిలవుంటాయి. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గిపోతుంది, కాబట్టి వాటిని కడిగేదేదీ ఉండదు. కింది ముందు పళ్ళని నాలుక కప్పి కాపాడుతుంది. తేడా అక్కడే.

పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్, అంటే పీజీ, చేసి, క్లినిక్‌లో కుర్చీ దగ్గరా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఇదే పని చేస్తున్నదాన్ని. ఆ అనుభవంతో మొదటి రోజు నుంచి మళ్ళీ చెకప్ దాకా ఏం జరుగుతుందో, ఎక్కడ తేడా వస్తుందో, ఎందుకు వస్తుందో రాస్తున్నాను.

ముందుగా "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్న మాట. ముందు పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఊడతాయి, నిజమే. దవడ పళ్ళు ఊడేది పది, పన్నెండేళ్ళకి. నాలుగేళ్ళ బిడ్డ ఇంకో ఆరేడేళ్ళు వాటితోనే నమలాలి. చీము పట్టిన పాలపన్ను కిందే శాశ్వత పన్ను మొగ్గ ఉంటుంది. పన్ను ముందుగా పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, రావలసిన పన్నుకి దారి లేకుండా చేస్తాయి. రాత్రి నొప్పితో లేచి ఏడ్చే బిడ్డ, ఒక పక్కే నమిలే బిడ్డ, అన్నం బుగ్గన పెట్టుకుని మింగకుండా కూర్చునే బిడ్డ: వీళ్ళకి ఊడిపోయేదాకా ఆగడం వైద్యం కాదు.

మత్తు ఎవరికి అవసరం, ఎవరికి కాదు

ఒకటి రెండు చిన్న గుంటలుండి నొప్పి లేకపోతే మత్తు అక్కర్లేదు. 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని చిన్న బ్రష్‌తో పుచ్చు మీద రాస్తే చాలావరకు అది అక్కడితో ఆగిపోతుంది. సూది లేదు, డ్రిల్లు లేదు. పుచ్చిన చోటు నల్లగా అవుతుంది, ముందే ఒప్పుకుంటే దవడ పళ్ళకి అదేం పెద్ద ఇబ్బంది కాదు. దవడ పళ్ళకి హాల్ పద్ధతి కూడా ఉంది. పుచ్చుని తవ్వకుండానే సరైన సైజు స్టీల్ క్యాప్‌ని గ్లాస్ అయనోమర్ సిమెంట్‌తో పన్ను మీద అదిమేస్తాం. లోపల గాలీ చక్కెరా అందక పుచ్చు ఆగిపోతుంది. నరం దాకా వెళ్ళిన పంటికి, చీము పట్టినదానికి ఈ రెండూ పనికిరావు.

కొంచెం భయపడే, చెప్తే వినే నాలుగైదేళ్ళ పిల్లలకి నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాస్ బాగా పనిచేస్తుంది. 30 నుంచి 50 శాతం దాకా ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మాస్కులోంచి ఇస్తాం, బిడ్డ మెలకువగానే ఉంటుంది, పని అయ్యాక అయిదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇచ్చి పంపుతాం. ఒకటే షరతు, బిడ్డ ముక్కుతో గాలి పీల్చాలి. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ నోటితో పీలుస్తుంది, అప్పుడు గ్యాస్ ఎంత తెరిచినా ప్రయోజనం లేదు.

ఇవన్నీ సరిపోని చోటే పూర్తి మత్తు. మూడేళ్ళ బిడ్డకి ఎనిమిది పదేసి పళ్ళు పుచ్చిపోయి అందులో కొన్నిటికి చీము పట్టినప్పుడు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉండి కుర్చీలో కూర్చోలేనప్పుడు. గుండె జబ్బుతో నోట్లో ఇన్‌ఫెక్షన్ అస్సలు ఉంచకూడనప్పుడు. పది పళ్ళ పనిని కుర్చీలో చెయ్యాలంటే ఆరేడు సిట్టింగులు, ప్రతిసారీ సూది. మూడేళ్ళ బిడ్డకి అంత ఓపిక ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు.

చాలామంది ఈ రెండిటికీ మధ్య మూడో దారి వెతుకుతారు: నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని, నోరు మూసుకోకుండా పళ్ళ మధ్య ప్రాప్ పెట్టి పని కానిచ్చెయ్యడం. తెల్లారితే ప్రాణాపాయం అన్నంత చీముంటే తప్ప దీన్ని నేను ఒప్పుకోను. ఆ ఒక్క పన్ను పని ఆ రోజుకి అయిపోతుంది గానీ, ఆ బిడ్డ తర్వాత తెల్లకోటు చూస్తేనే వణుకుతుంది, పదేళ్ళొచ్చినా నోరు తెరవదు. పెద్దయ్యాక కూడా పన్ను నొప్పిని మాత్రలతో నెట్టుకొచ్చే చాలామందిని అడిగి చూడండి, మూలం చిన్నప్పటి ఇలాంటి సిట్టింగే.

భయం ఎక్కణ్ణుంచి వస్తుంది

మూడేళ్ళ లోపు బిడ్డ కొత్త మనిషిని చూసి, అమ్మ ఒళ్ళోంచి తీస్తే ఏడవడం వయసు లక్షణం. అది భయం జబ్బు కాదు. నాలుగేళ్ళు దాటాక భయం ఎక్కువగా మన నోటి నుంచే వెళ్తుంది. "అన్నం తినకపోతే డాక్టర్ దగ్గర సూది వేయిస్తా" అని ఇంట్లో రోజూ వినే బిడ్డ నా గదిలోకి వచ్చేసరికి సగం పని చెడిపోయి ఉంటుంది. దానికి తోడు "ఏం చెయ్యరమ్మా, ఊరికే చూస్తారు" అని నమ్మించి తీసుకొస్తారు. చేసింది చూశాక డాక్టర్ మీద నమ్మకం పోవడం సరే, అమ్మ మాట మీద కూడా పోతుంది.

మొదటి రోజు నేను చేసేది పళ్ళు లెక్కపెట్టడమే. చెప్పడం, చూపించడం, చెయ్యడం, ఈ వరసలో. అద్దం బిడ్డ చేతికిస్తాను. తిరిగే బ్రష్‌ని ముందు నా గోరు మీద, తర్వాత బిడ్డ గోరు మీద, ఆ తర్వాతే పంటి మీద. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపుతానని చెప్తాను, ఎత్తగానే నిజంగా ఆపుతాను. ఆపకపోతే ఆ సంజ్ఞకి విలువే లేదు. సూది, పీకడం, రక్తం, నొప్పి అన్న మాటలు గదిలో ఎవ్వరూ అనకూడదు, "నొప్పి ఉండదులే" అని కూడా. బిడ్డ చెవిలో పడేది "నొప్పి" ఒక్కటే. "పన్నుకి నిద్రమందు", "నీళ్ళ పిచికారీ", "గాలి పైపు" అంటాం. బిడ్డ ఎలా ఉందో ఫ్రాంకెల్ స్కేల్ మీద నాలుగు మెట్లలో ఒకటిగా రాసుకుంటాం: పూర్తిగా ఎదురుతిరగడం, కొంత ఎదురుతిరగడం, ఒప్పుకోవడం, ఇష్టంగా చేయించుకోవడం. రెండో సిట్టింగ్‌లో ఒక మెట్టు ఎక్కిన బిడ్డకి మత్తు అవసరం పడకపోవచ్చు. నొప్పి, చీము లేకపోతే ఆ అవకాశం ఇచ్చి చూడాలి.

మత్తుకి ముందు

తేదీ ఖాయం చేశాక మత్తు డాక్టర్ దగ్గరికి పంపుతాం. బరువు ఆ రోజే, చెప్పులు తీసి, సరిగ్గా తూచాలి. మత్తుమందులన్నీ కిలో లెక్కన ఇస్తారు. హిమోగ్లోబిన్‌తో పాటు రక్త పరీక్ష, రక్తస్రావం, గడ్డకట్టే సమయాల పరీక్ష, బ్లడ్ గ్రూపు మామూలుగా అడుగుతారు. గుండె చప్పుడులో తేడా వినిపిస్తే ఎకో. ఛాతీ ఎక్స్‌రే అందరికీ అక్కర్లేదు.

అంతకంటే ముఖ్యం అమ్మానాన్నలు చెప్పేది. రాత్రి గురక పెడుతుందా, నోరు తెరుచుకుని పడుకుంటుందా? ముక్కు వెనకుండే అడినాయిడ్స్ కండలు పెద్దవై ఉంటే మత్తులో ముక్కులోంచి శ్వాస గొట్టం వెయ్యడం కష్టం, రక్తం రావచ్చు. ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతుంటే ఆ రోజు పొద్దున కూడా వాడాలి, వెంట తేవాలి. ఫిట్స్ మందు ఆపకూడదు, గుక్కెడు నీళ్ళతో ఇవ్వాలి. కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ ఆలస్యమైందా, వెంటిలేటర్ మీద పెట్టారా అని అడుగుతారు. స్కోలిన్ అనే కండరాలు వదులయ్యే మందుని రక్తంలోని ఒక ఎంజైమ్ నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లోపిస్తే పది నిమిషాల్లో పోవలసిన మందు గంటలపాటు ఉండిపోతుంది, అంతసేపూ శ్వాస మిషనే ఇవ్వాలి. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే ఎక్కువగా కనిపిస్తుంది, మన దగ్గర మత్తు డాక్టర్లు అందుకే ఆ విషయం అడుగుతారు. తప్పుగా అనుకోకుండా ఉన్నది చెప్పండి. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే.

జలుబు గురించి గట్టిగా చెప్తాను. చీమిడి, కఫంతో దగ్గు, జ్వరం ఉంటే వాయిదా వెయ్యాలి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. జలుబు తగ్గినా కొన్నాళ్ళు శ్వాసనాళం చిరాగ్గానే ఉంటుంది. గొట్టం వేసేటప్పుడో తీసేటప్పుడో స్వరపేటిక బిగుసుకుపోయి గాలి ఆగే ప్రమాదం పెరుగుతుంది. సెలవు పెట్టుకున్నాం, ఊరి నుంచి వచ్చాం అని జలుబుని దాచిపెట్టే వాళ్ళున్నారు. దయచేసి దాచకండి.

పరగడుపు లెక్క ఇది: అన్నం, టిఫిన్, బిస్కెట్, ఆవుపాలు, గేదెపాలు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటలు. నీళ్ళు, గుజ్జు లేని ఆపిల్ రసం లాంటివి రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. యూరప్ మత్తు డాక్టర్ల సంఘం 2022లో దాన్ని గంటకి తగ్గించింది. పొద్దున ఎనిమిదింటికి కేసయితే రాత్రి భోజనంతో సరి, ఆరింటికి లేపి నాలుగు గుక్కల నీళ్ళు తాగించాలి. పాలు ద్రవమే కదా అంటారు. కడుపులో విరిగి గడ్డలవుతాయి, అందుకే అన్నం కింద లెక్క. రాగిజావ, మజ్జిగ కూడా అంతే. మత్తులో మింగే, దగ్గే శక్తి పోతుంది, కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. మా దగ్గర కేసులు ఆగిపోయే మామూలు కారణం, ఏడుస్తోందని జాలిపడి ఎవరో చేతిలో పెట్టిన బిస్కెట్టు. పెట్టేస్తే పెట్టేశామని చెప్పండి, ఆ రోజు కాకపోతే ఇంకో రోజు చేద్దాం. అటువైపు అతి కూడా వద్దు. పసిపిల్లల్ని పన్నెండు గంటలు మాడబెడితే చక్కెర పడిపోతుంది, మరింత మొండికేస్తారు. అందుకే చిన్నవాళ్ళని లిస్టులో మొదట పెట్టమని అడుగుతాం.

బిడ్డకి ఏం చెప్పాలి? జరగబోయేదే, చిన్న మాటల్లో. "ముక్కు మీద గాలి మాస్కు పెడతారు, కొంచెం వింత వాసనొస్తుంది, బెలూన్ ఊదాలి, నిద్రొస్తుంది, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది." ముందు రోజు చెప్తే చాలు, వారం ముందు నుంచి చెప్తే వారమంతా బెంగ. ఇంట్లో గిన్నె మూతో, నెబులైజర్ మాస్కో పెట్టి ఒకటి రెండుసార్లు ఆడించండి. పార్కుకి వెళ్తున్నామని మాత్రం అబద్ధం చెప్పకండి.

ఆ రోజు పొద్దున

బాగా భయపడే బిడ్డకి మిడజోలమ్ మందు నోటితో ఇస్తారు, కిలోకి అర మిల్లీగ్రామ్ దాకా, లోపలికి తీసుకెళ్ళే ముందు 20, 30 నిమిషాలకి. చేదు మందు కాబట్టి కొంచెం తీపి ద్రవంలో కలుపుతారు. ఇది ఆసుపత్రిలో మత్తు డాక్టర్ కళ్ళెదుట ఇవ్వాల్సిందే, ఇంటి దగ్గర ఇచ్చి తీసుకురమ్మనే పద్ధతికి ఒప్పుకోవద్దు. తాగాక బిడ్డ తూలుతుంది, ఒళ్ళోంచి దించకూడదు. చేతి మీద తిమ్మిరి క్రీము రాసి ముప్పావు గంట నుంచి గంట ఆగితే, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే క్యానులా నొప్పి తెలియదు. చాలాసార్లు అది కూడా అక్కర్లేకుండా ముందు మాస్కుతో నిద్రపుచ్చి, ఆ తర్వాతే క్యానులా పెడతారు.

మాస్కులో వచ్చేది సెవోఫ్లురేన్ అనే మత్తు గ్యాస్. రెండు నిమిషాల్లోపే బిడ్డ నిద్రలోకి జారుతుంది. ఈ కొద్దిసేపూ అమ్మనో నాన్ననో పక్కన ఉండనిస్తే ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నిద్ర పట్టేముందు కళ్ళు తేలేస్తుంది, కాళ్ళూ చేతులూ అదురుతాయి, గురకలాంటి చప్పుడొస్తుంది. చూడ్డానికి గుండె జల్లుమంటుంది గానీ అది మత్తు ఎక్కేటప్పటి మామూలు దశ, బిడ్డకి తెలియదు, గుర్తుండదు. ఆ క్షణంలో నర్సు చెయ్యేసి బయటికి తీసుకెళ్తే వెంటనే వెళ్ళిపోవాలి. అప్పుడు మత్తు డాక్టర్ చూపంతా బిడ్డ మీదే ఉండాలి.

పళ్ళ పనికి గొట్టాన్ని నోట్లోంచి కాకుండా ముక్కులోంచి వేస్తారు. నోరంతా మాకు ఖాళీగా ఉంటుంది, క్యాపు పెట్టాక పై పళ్ళు కింది పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ముందు ముక్కులో రక్తనాళాలు కుంచించుకునే చుక్కలు వేస్తారు, గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో మెత్తబరుస్తారు. అయినా కొందరికి కొంచెం ముక్కు నుంచి రక్తం వస్తుంది, ఇంటికెళ్ళాక ఒకటి రెండు చుక్కలు కనిపించినా కంగారు వద్దు. కళ్ళకి టేపు, భుజాల కింద గుడ్డ చుట్ట, గుండె లయ, రక్తంలో ఆక్సిజన్, బీపీ, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి చూపించే మానిటర్లు.

ఆ మానిటర్ చూసినప్పుడు హైదరాబాద్ గుర్తుకొస్తుంది నాకు. క్లోరోఫాంతో మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888లో, 1889లో రెండు కమిషన్లు ఇక్కడే కూర్చున్నాయి. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీలో సర్జన్ అయిన ఎడ్వర్డ్ లారీ శ్వాసని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదన్నాడు. క్లోరోఫాం గుండెని నేరుగా ఆపగలదని తర్వాత తేలింది. ఆ రోజుల్లో ఇక్కడే పనిచేసిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకుంటారు. ఈ రోజు శ్వాసా గుండే రెండూ ప్రతి క్షణం తెర మీద ఉంటాయి, వాటిని చూడడానికే ఒక డాక్టర్ ఉంటారు. పళ్ళ పని చేసేవాళ్ళే మత్తు కూడా చూసుకునే చోటికి బిడ్డని తీసుకెళ్ళకండి. బ్రిటన్‌లో 2001 డిసెంబరు 31 తర్వాత క్లినిక్‌లో పూర్తి మత్తు ఇవ్వడమే మానిపించారు, అత్యవసర వసతులున్న ఆసుపత్రిలోనే ఇవ్వాలి. పిల్లలకి మత్తివ్వడం అలవాటున్న డాక్టరేనా, ఐసీయూ అదే భవనంలో ఉందా అని మీరు అడగాలి. అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

నేను మొదట చేసేది గొంతులో ప్యాక్. సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డని గొట్టం చుట్టూ గొంతులో కూరుతాను. నీళ్ళు, రక్తం, పంటి ముక్కలు కిందికి జారవు. పెట్టగానే "ప్యాక్ లోపల" అని గట్టిగా చెప్తాను, నర్సు బోర్డు మీద టైముతో రాస్తుంది. గుడ్డ కొస నోటి బయటికి వేలాడుతూ ఉంచుతాను. మర్చిపోయిన ప్యాక్ గొట్టం తీశాక గాలినే ఆపేస్తుంది, అందుకే ఈ పట్టింపు.

తర్వాత ఎక్స్‌రేలు. మెలకువగా ఉన్నప్పుడు తియ్యనివ్వని బిడ్డకి ఇక్కడే మొదటిసారి పూర్తిగా తీస్తాం, పళ్ళ మధ్య దాగిన పుచ్చులు బయటపడతాయి. ఆరు అనుకున్నవి తొమ్మిదవుతాయి, రూట్ కెనాల్ అనుకున్నది తీసెయ్యాల్సి వస్తుంది. అందుకే సంతకం పెట్టించుకునేటప్పుడే ఈ మార్పులకి అనుమతి తీసుకుంటాం, పన్ను తీసే మార్పయితే బయటికి కబురు పంపి చెప్తాం. ఆ రెండు గంటలూ ఫోన్ ఆన్‌లో పెట్టుకుని ఆసుపత్రిలోనే ఉండండి.

మత్తులో చేసే ప్లాను కుర్చీలో చేసే ప్లానులా ఉండదు. మళ్ళీ మత్తివ్వాల్సిన పని రాకూడదు, అదే లెక్క. రెండు వైపులా పుచ్చిన దవడ పంటికి సిమెంట్ పెడితే రెండేళ్ళలో ఊడొచ్చు, కాబట్టి స్టీల్ క్యాపే వేస్తాను. నరం పైభాగం వరకే చెడితే ఆ భాగం తీసి ఎంటీఏ అనే సిమెంట్ పెట్టి క్యాప్ వేస్తాను. వేళ్ళ దాకా చీముంటే, వేరు సగం కరిగి ఉంటే, దాన్ని కాపాడాలని ఆశపడి ఆర్నెల్లకి మళ్ళీ వాచేలా చెయ్యడం కంటే తీసెయ్యడమే బిడ్డకి మేలు. అనుమానం ఉన్న పన్ను విషయంలో నేను కఠినంగానే ఉంటాను. తెల్ల క్యాపులు వెయ్యమని అడుగుతారు. జిర్కోనియా క్యాపుకి పన్ను ఎక్కువ అరగదియ్యాలి, చిగురు నుంచి రక్తం వస్తుంటే సిమెంట్ సరిగ్గా పట్టదు. ముందు పళ్ళకి సరే, దవడకి స్టీలే గట్టిది. రెండో దవడ పన్ను తియ్యాల్సొస్తే ఆ ఖాళీని కాపాడే తీగ అమరిక పెట్టించుకోవాలి, లేకపోతే ఆరేళ్ళకొచ్చే శాశ్వత దవడ పన్ను ముందుకి జరిగిపోతుంది.

ఒక్కో పక్కకి రబ్బర్ డ్యామ్, అంటే పళ్ళని తడి నుంచి వేరుచేసే రబ్బరు తెర, బిగించి వరసగా చేసుకుపోతాం, తియ్యాల్సిన పళ్ళు చివర్లో. ఎనిమిది పది పళ్ళకి రెండు గంటలు, రెండున్నర. ఆఖర్న పళ్ళకి పూతగా 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్. తర్వాత ప్యాక్ తీసి ఎత్తి చూపిస్తాను, "ప్యాక్ బయట" అంటాను, నర్సు బోర్డు మీద టైము రాస్తుంది, మత్తు డాక్టర్ గొంతులోకి లైటు వేసి చూస్తారు. ఈ ముగ్గురి మాటా కలిసేదాకా గొట్టం తియ్యరు.

మెలకువ, ఇల్లు

సెవోఫ్లురేన్ మత్తు నుంచి లేచేటప్పుడు రెండు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కొందరు వెర్రిగా ఏడుస్తారు. కళ్ళు తెరిచే ఉంటాయి, అమ్మని గుర్తుపట్టరు, తన్నుతారు, క్యానులా పీక్కోబోతారు. నొప్పి వల్లే అనుకుంటారు, చాలాసార్లు నొప్పి కాదు. మెదడులో కొన్ని భాగాలు ముందు, కొన్ని తర్వాత లేవడం. పది ఇరవై నిమిషాల్లో సర్దుకుంటుంది, అరుదుగా అరగంట. గట్టిగా కుదపకండి, నలుగురూ చుట్టూ చేరి పిలవకండి. ఒక్కరు దగ్గరగా పట్టుకుని, లైటు తగ్గించి, మెల్లగా మాట్లాడుతూ ఉంటే చాలు.

నీళ్ళు తాగి వాంతి కాకపోతే, ఊపిరి బాగుంటే, ఎప్పటిలా నడవగలిగితే సాయంత్రానికి పంపిస్తారు. పంటికి తిమ్మిరి మందు కూడా వేసి ఉంటే రెండు మూడు గంటలు పెదవి తెలియదు. పిల్లలు దాన్ని నమిలేస్తారు, మర్నాటికి పెదవి వాచి తెల్లటి పుండవుతుంది. దాన్ని చూసి ఇన్‌ఫెక్షన్ అని పరుగెత్తుకొస్తారు. పక్కన కూర్చుని పెదవి నోట్లోకి పోకుండా చూడడమే మందు.

నొప్పికి పారాసిటమాల్, కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, మొదటి రోజంతా వేళకి. ఇక్కడ తప్పు జరిగేది సిరప్ బలంలో. 14 కిలోల బిడ్డకి 210 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే 4.2 మిల్లీలీటర్లు, 120 ఉండేదయితే 8.75. సీసా మీద చూడకుండా "ఒక మూత" అని పోస్తే సగమో, రెట్టింపో అవుతుంది. ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

ఆ రాత్రికి చల్లారిన జావ, మర్నాడు మెత్తటి పెరుగన్నం. క్యాపుల చుట్టూ చిగుళ్ళు రెండు మూడు రోజులు ఎర్రగా ఉంటాయి, అయినా ఆ రాత్రి నుంచే మెత్తటి బ్రష్ వాడాలి. కొత్త క్యాపులు కొంచెం ఎత్తుగా అనిపిస్తే కొద్ది వారాల్లో కొరుకు దానంతటదే సర్దుకుంటుంది. జీళ్ళు, చిక్కీలు క్యాపుని లాగేస్తాయి. గొంతు బొంగురు, 100 డిగ్రీల లోపు జ్వరం ఒక రోజు మామూలే. ఆగకుండా రక్తం కారుతుంటే, కుక్క మొరిగినట్టు దగ్గుతూ ఊపిరికి కష్టపడితే, వాంతులు ఆగకపోతే, ఎనిమిది గంటలైనా ఒకటికి వెళ్ళకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మత్తు వల్ల మెదడు దెబ్బతింటుందా? ప్రతి తల్లీ అడుగుతుంది, అడగాలి కూడా. మూడేళ్ళ లోపు పిల్లలకి మూడు గంటలు మించి గానీ, మళ్ళీ మళ్ళీ గానీ మత్తివ్వడం గురించి 2016 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. హెర్నియా ఆపరేషన్‌లో గంటలోపు ఒక్కసారి మత్తు తీసుకున్న పసిపిల్లల్ని ఐదేళ్ళ దాకా గమనించిన జీఏఎస్ అనే పరిశోధన, 2019లో, తెలివితేటల్లో తేడా లేదని చెప్పింది. పళ్ళ పని గంట కంటే ఎక్కువే పడుతుంది, కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి అతికించను. ఒకేసారి, మూడు గంటల లోపు, అన్నీ కలిపి పూర్తిచెయ్యమని పట్టుబట్టేది ఇందుకే.

డబ్బు సంగతి: ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్ ఫీజు, క్యాపులు వగైరా, మా ఫీజు, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. ప్రమాదంలో విరిగితే తప్ప పళ్ళ వైద్యానికి చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ఇవ్వవు, ముందే కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో పిల్లల దంత విభాగాలున్నాయి, అక్కడా అడగొచ్చు.

ఆ తర్వాత

మత్తులో పళ్ళు బాగవుతాయి. భయం ఎక్కడిదక్కడే ఉంటుంది, బిడ్డ మెలకువగా ఏమీ చూడలేదు కదా. పుచ్చడానికి కారణమైన రాత్రి పాలు కూడా మీరు మార్చకపోతే అలాగే ఉంటాయి. మత్తులో వైద్యం చేయించుకున్న పిల్లల్లో చాలామందికి కొత్త పుచ్చులు రావడం ఏటా చూస్తున్నాను, రెండోసారి మత్తుకి వచ్చినవాళ్ళనీ చూశాను.

రాత్రి సీసా ఒక్కసారిగా లాగెయ్యలేకపోతే, పాలల్లో రెండు మూడు రోజులకోసారి నీళ్ళ వంతు పెంచుతూ రెండు వారాల్లో ఉత్త నీళ్ళకి తీసుకురండి. పాలల్లో పంచదార, పొడులు వద్దు. పాలపీకకి తేనె రాయడం ఆపండి. తీపి సిరప్ వేశాక నోరు తుడవండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా బ్రష్ మీ చేత్తో చెయ్యాలి, రాత్రి తప్పనిసరి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత 1000 పీపీఎమ్ ఫ్లోరైడ్ పేస్టు. నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్ళు తాగే ఇళ్ళయితే ముందు నీళ్ళలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించి మీ డాక్టర్‌ని అడగండి.

చెకప్ వారం పదిరోజులకి ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి. మొదటి రెండు మూడు సార్లు నేను లెక్కపెట్టడం, వార్నిష్ రాయడం తప్ప ఏమీ చెయ్యను. నొప్పి లేని బిడ్డకి కుర్చీ అలవాటు చెయ్యడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. నొప్పి వచ్చాకే తీసుకొస్తామంటే మళ్ళీ మొదటి రోజుకే వచ్చినట్టు. ఆరేళ్ళు నిండే వేళకి చివరి పాలపన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను ఒకటి మెల్లగా పైకొస్తుంది. పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని మీది లోతైన గాడుల్లో సీలెంట్ పోసి మూసెయ్యాలి. సూది లేదు, ఒక్కో పంటికి పది నిమిషాలు చాలు, కాకపోతే పన్ను తడవకుండా అంతసేపు నోరు తెరిచి ఉంచాలి. నాలుగేళ్ళప్పుడు మత్తులో చేయించుకున్న బిడ్డయినా ఆ పని మెలకువగా, తనంతట తానే కుర్చీ ఎక్కి చేయించుకోగలగాలి. మధ్యలో పెట్టే చెకప్పులన్నీ దానికోసమే.